మీ కస్టమర్ల సొంతూరికే మీరు వెళ్తున్నారు

ప్రశ్న: నా వయసు 38. మాది హనుమకొండ. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్‌లో ఉన్నాను. మొదట ఒక బిల్డర్ దగ్గర సేల్స్‌లో చేశాను, తర్వాత కూకట్‌పల్లి, నిజాంపేట, ప్రగతినగర్ ప్రాంతాల్లో సొంతంగా చేసుకుంటున్నాను. మావారిది బ్యాంకు ఉద్యోగం. ఆయనకు గుంటూరు బదిలీ అయింది. పాప ఎనిమిదో తరగతికి వస్తోంది, అందరం వెళ్లిపోదామనుకున్నాం. నాకు అక్కడ ఒక్క మనిషీ తెలియదు. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న కస్టమర్లంతా ఇక్కడే ఉండిపోతారు. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలా అని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గన్నవరం వైపు వెంచర్ వేస్తున్న ఒకాయన సేల్స్ మేనేజర్‌గా రమ్మంటున్నారు. అమరావతి మళ్లీ లేచింది, ఏడాదిలో నిలదొక్కుకుంటారు అంటున్నారు. చేరమంటారా, సొంతంగా చేసుకోమంటారా? నా మాట వినగానే ‘మీదెక్కడ?’ అని అడుగుతారు. అలాంటిది, అక్కడివాళ్లు నన్ను నమ్ముతారా?
— పేరు రాయవద్దన్న సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

కస్టమర్లంతా ఇక్కడే ఉండిపోతారు అని రాశారు. ఒకసారి ఫోన్ తీసి ఆ పేర్లన్నీ మళ్లీ చూడండి. కూకట్‌పల్లిలో, నిజాంపేటలో, ప్రగతినగర్‌లో మీరు ఫ్లాట్లు ఇప్పించినవాళ్లలో ఎంతమందిది కృష్ణా, గుంటూరు జిల్లాలు? సంక్రాంతి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేట్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ నిలబడే కార్లు ఎటు వెళ్తున్నాయి? తెనాలి, గుడివాడ, నరసరావుపేట, విజయవాడ. మీ కస్టమర్ల సొంతూరికే మీరు కాపురం వెళ్తున్నారు. దీన్ని మీరు గమనించినట్టు లేదు.

వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే వాళ్లు వదిలి వెళ్లిన ఇళ్ల మధ్యే నేనుంటాను. గుంటూరు బ్రాడీపేటలో వాళ్ల నాన్న కట్టించిన ఇల్లు. కింద అమ్మ ఒక్కతే ఉంటుంది, పైపోర్షన్ అద్దెకిచ్చి ఏళ్లవుతుంది. అద్దె పెంచమని అడగడానికి ఆమెకు మొహమాటం. విజయవాడ పటమటలో ఎప్పుడో కొన్న ఫ్లాటు. అందులో ఎవరున్నారో వాచ్‌మన్ చెప్తేనే తెలుస్తుంది. 2015, 16ల్లో రాజధాని వస్తోందని ఎవరో బంధువు చెబితే కొన్న 200 గజాలు. రిజిస్ట్రేషన్ రోజు చూసిందే, ఇప్పుడు హద్దురాళ్లు ఉన్నాయో లేవో తెలియదు. ఇవన్నీ చూసిపెట్టే మనిషి వాళ్లకు లేరు. ఊళ్లో ఉన్న బావమరిదికి చెబితే ఆయన పనులు ఆయనకుంటాయి. కొత్త ఏజెంటుకు చెబుదామంటే భయం. మీరు వాళ్లకు ఇల్లు ఇప్పించి, వాళ్ల గృహప్రవేశంలో భోజనం చేసి వచ్చిన మనిషి. మీకు చెప్పుకోవడానికి భయం ఉండదు.

అందుకని బయల్దేరే ముందే అందరికీ ఫోన్లు చేయండి. అమ్మేది ఏమైనా ఉందా అని మాత్రం అడక్కండి. ఆ మాట అడిగితే మిగతా ఏజెంట్లలో మీరూ ఒకరైపోతారు. ‘నేను గుంటూరు వెళ్తున్నానండీ, మీకు అటువైపు ఇల్లు గానీ స్థలం గానీ ఉంటే ఒకసారి వెళ్లి చూసి, ఫోటోలు తీసి, కాగితాలు ఎలా ఉన్నాయో చెప్తాను’ అనండి. మొదటిసారి ఉచితంగా చేయండి. ఆ తర్వాత అద్దెకివ్వడం, అద్దె వసూలు చేసి పంపడం, ఏడాదికోసారి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీసి చూడటం, స్థలానికి కంచె వేయించడం, వీటికి ఇంత అని ఫీజు చెప్పండి. మీకు అమ్మకాలు వచ్చేలోపు ఇంటి ఖర్చులకు ఇవే ఆసరా. కొన్నాళ్లకు అమ్మకాలు కూడా వీటి నుంచే వస్తాయి, వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

మీ కస్టమర్లలోనో, వాళ్ల పిల్లల్లోనో అమెరికా వెళ్లినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల విషయంలో మూడు సంగతులు మీ నోటి చివర ఉండాలి. ఎన్నారైలు మన దగ్గర వ్యవసాయ భూమి కొనకూడదు, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. తాతముత్తాతల నుంచి వచ్చింది ఉంచుకోవచ్చు. వ్యవసాయ భూమినే ముక్కలు చేసి ‘ఫామ్ ప్లాటు’ అని వాళ్లకు అమ్మేవాళ్లు ఇటు బాగా ఉన్నారు, దగ్గరికి రానివ్వకండి. రెండోది పవరాఫ్ అటార్నీ. అక్కడ రాసి పంపిన కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. చాలామంది బీరువాలో పెట్టి మర్చిపోయి, రిజిస్ట్రేషన్ రోజు పరుగులు పెడతారు. మూడోది టీడీఎస్, అంటే కొనేవాళ్లు ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఇక్కడుండేవాళ్ల దగ్గర 50 లక్షలు, ఆ పైన పెట్టి కొంటే ఒక శాతం కోస్తే సరిపోతుంది. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే కోయాల్సింది చాలా ఎక్కువ, కోయకపోతే నోటీసు కొన్నవాళ్లకే వస్తుంది. ఈ మాట అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పే ఏజెంటు దొరికితే ఎవరూ వదులుకోరు.

హైదరాబాద్‌లో మీకు రావాల్సిన కమిషన్ల సంగతి మీరు రాయలేదు గానీ, అదీ చూసుకోవాలి. కొన్నవాళ్లు కట్టే వాయిదాలను బట్టి బిల్డర్లు మనకిస్తారు కాబట్టి మీరు ఊరు మారాక రావాల్సిన డబ్బు కూడా ఉంటుంది. ఎదురుగా తిరిగే మనిషికి ఇచ్చినట్టు ఊరు వదిలిన మనిషికి ఇవ్వరు. ఏ ఫ్లాటుకు ఎంత బాకీయో వాట్సాప్‌లోనైనా సరే వాళ్ల చేత ఒప్పుకున్నట్టు రాయించుకోండి. సగంలో ఉన్న బేరాలు నమ్మకమైన తోటి ఏజెంటుకు అప్పగించి, వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి.

ఇక రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను, ఏజెంట్లను రిజిస్టర్ చేసి అదుపులో ఉంచే సంస్థ. మీ తెలంగాణ రిజిస్ట్రేషన్ ఆంధ్రలో చెల్లదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. గుంటూరులో ఇంటి అగ్రిమెంటు చేతికి రాగానే ఆ చిరునామాతో ఏపీ రెరాకు దరఖాస్తు పెట్టండి. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రాజెక్టులో బిల్డర్ అమ్మే ప్లాటు గానీ ఫ్లాటు గానీ ఇప్పించాలంటే ఏజెంటుకు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రతి అమ్మకంలో ఆ నంబరు చూపించాలి. లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. అద్దెలకూ, సొంతదారు నేరుగా అమ్ముకునే పాత ఇళ్లకూ ఈ నిబంధన వర్తించదు. కాబట్టి నంబరు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, ఆ పనులు చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం, భూమి. మీకు పదకొండేళ్ల అనుభవం ఉంది, కాగితం చదవడం వచ్చు. కానీ ఇక్కడి లెక్క వేరు. మీకు అలవాటైన గుంట ఇక్కడ లేదు, అంతా సెంట్లలోనే. గుంట అంటే 121 గజాలు, సెంటు 48.4 గజాలు. ఎకరానికి 40 గుంటలు మీ లెక్క, 100 సెంట్లు వీళ్ల లెక్క. రైతు ‘పదకొండున్నర సెంట్లు’ అనగానే గజాలు మనసులో తిరగాలి. బేరంలో క్యాలిక్యులేటర్ తీసే మనిషిని చూస్తే అవతలివాళ్లకు అలుసు. అక్కడ మీరు ధరణి, తర్వాత భూభారతి చూసుకున్నారు. ఇక్కడ మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (యజమాని వివరాల రికార్డు) చూడాలి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూములుండే 22ఏ నిషేధిత జాబితా చూడాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. దస్తావేజులో పాత నంబరు ఉంటుంది, రికార్డులో కొత్తది ఉంటుంది. రెండూ ఒకే భూమివేనా, విస్తీర్ణం సరిపోతోందా అని కలిపి చూడటం నేర్చుకోండి. స్థానిక ఏజెంట్లలో కూడా దీన్ని ఓపిగ్గా చేసేవాళ్లు తక్కువ. మీ పేరు నిలబడేది ఇక్కడే అని నా నమ్మకం.

‘పంచాయతీ అప్రూవల్ ఉందండీ’ అనే మాట మీకు రోజూ వినిపిస్తుంది. దానితో సరిపెట్టుకోకండి. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో లేఅవుట్‌కు సీఆర్‌డీఏ అనుమతి, ఆ అనుమతికి ఇచ్చే ఎల్‌పీ నంబరు అడగండి. అసైన్డ్ భూములను (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) మాత్రం మొదటి ఏడాది అసలు ముట్టుకోకండి. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది, ఆ తర్వాత సడలింపులు వచ్చాయి, వాటి మీద మళ్లీ ఆంక్షలు వచ్చాయి. లాయర్లే జాగ్రత్తగా మాట్లాడే వ్యవహారం అది. ఇంకొకటి, ఆడపిల్లల సంతకాలు. పిత్రార్జితమైతే కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది, 2005 సవరణ తర్వాత పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. ‘వాళ్లకు కట్నం ఇచ్చేశాం కదా’ అని అన్నదమ్ములు అమ్మేసిన పొలాల మీద కేసులు నడుస్తూనే ఉంటాయి. అడ్వాన్స్ కంటే ముందు ఆ అక్కచెల్లెళ్ల పేర్లు అడిగి, వాళ్లతో మాట్లాడండి. ఒక ఆడమనిషిగా మీరు ఫోన్ చేస్తే వాళ్లు దాచుకోకుండా చెప్తారు కూడా.

ఏ ప్రాంతం ఎంచుకోవాలి? గుంటూరులో ఉంటారు కాబట్టి గుంటూరు నుంచి మంగళగిరి దాకా, మధ్యలో పెదకాకాని, నంబూరు, కాజ కలుపుకుని, అంతవరకే పెట్టుకోండి. మొదట్లో అంతకు మించి వద్దు. మంగళగిరిలో ఎయిమ్స్, నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీ, వెలగపూడిలో సచివాలయం, నేలపాడులో హైకోర్టు. వీటిలో పనిచేసేవాళ్లలో చాలామంది బయటి ఊళ్లవాళ్లు, అద్దె ఇళ్లు వెతుక్కుంటూనే ఉంటారు. పిల్లల ఇంటర్ చదువు కోసం రెండేళ్లు ఇల్లు తీసుకుని ఉండే తల్లులు మరికొంతమంది. అద్దె ఇప్పించడాన్ని చిన్నతనంగా అనుకోకండి. ఒక్కో అద్దె ఇంటి వల్ల ఒక ఓనరూ, ఒక కుటుంబమూ, ఒక వీధీ మీకు తెలుస్తాయి. బ్రాడీపేటలో అడ్రసు ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని అంకెల్లో చెప్తారు. ఆ లైన్లన్నీ ఉదయం ఏడింటి లోపు నడిచి చూడండి. ఎండ ముదిరాక ఇక్కడ కస్టమర్లు కూడా సైటుకు రారు. ఇస్త్రీ బండి వాళ్లను, కిరాణా కొట్టు వాళ్లను, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లను పరిచయం చేసుకోండి. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో టులెట్ బోర్డు కంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. పని జరిగినప్పుడు వాళ్ల వాటా అడిగించుకోకుండా ఇవ్వండి. జూన్ చివర్లో, జూలైలో దిగితే ఆషాఢం వస్తుంది, బేరాలు మందగిస్తాయి. దాన్ని చూసి కంగారు పడకండి, ఊరు తిరిగి చూడటానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

విజయవాడ వైపు ఫ్లాటు అడిగేవాళ్లూ వస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం లాంటి చోట్ల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పటి నుంచి కొనేవాళ్ల మొదటి ప్రశ్న ‘ఇక్కడికి నీళ్లొచ్చాయా?’ అనే. ఓనరు చెప్పింది నమ్మి మీరు సమాధానం చెప్పకండి. పక్కింటివాళ్లను, కింద కొట్టువాళ్లను అడగండి. ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి, లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు మునిగాయా, తర్వాత మార్చారా అని కనుక్కుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అక్కడ కూడా కుటుంబాలు ఉంటున్నాయి, కొంటున్నాయి. తెలిసి కొనడం వేరు, దాస్తే మోసపోయి కొనడం వేరు. వరదలో పసిపిల్లలతో మేడల మీద కూర్చున్నవాళ్లను చూసిన ఊరు ఇది. ఆ విషయం దాచిన ఏజెంటును ఎవరూ క్షమించరు, క్షమించకూడదు కూడా.

గన్నవరం ఉద్యోగం గురించి. గుంటూరు నుంచి విజయవాడ దాటి గన్నవరం వెళ్లి రావాలంటే రానూపోనూ వంద కిలోమీటర్లకు పైనే. పాప కొత్త స్కూల్లో కుదురుకోవాల్సిన ఏడాది ఇది. అది ఒక్కటే చాలు నేను వద్దనడానికి. అయినా మీరు ఆలోచిస్తానంటే ఆయన్ని సూటిగా అడగండి. ప్రాజెక్టు రెరా నంబరు ఎంత? జీతం ఎంత, కమిషన్ ఎంత, ఏ తేదీకి ఇస్తారు? 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం గానీ బుకింగ్ తీసుకోవడం గానీ కుదరదు. ‘ప్రీలాంచ్ ఆఫర్, నంబరు వచ్చేస్తుంది’ అంటే అక్కడితో ఆపేయండి. అమ్మకం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి డబ్బు తీసుకోవడం కూడా చట్టం ఒప్పుకోదు. మీ చేత మీ హైదరాబాద్ కస్టమర్లకు అమ్మించడమే ఆయన ఆలోచన అని నా అనుమానం. కొత్తగా వచ్చిన మనిషిని మేనేజర్‌గా ఎందుకు పిలుస్తారు? ఆ ఫోన్ నంబర్ల కోసమే. వాటిని ఎవరి వెంచర్‌కూ తాకట్టు పెట్టకండి.

అమరావతి గురించి నాకు ఇష్టం ఉంది, ఆశ కూడా ఉంది. అందుకే జాగ్రత్తగా చెప్తున్నాను. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. కొన్నవాళ్లు ఆ ప్లాట్లను అమ్ముకోలేక, ఉంచుకోలేక ఏళ్లు గడిపారు. 2024లో ప్రభుత్వం మారాక, 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఈ పదేళ్లలో ధరలతోపాటు మనుషులు కూడా ఎత్తుపల్లాలు చూశారు. అక్కడి రైతుల బాధ మాటల్లో చెప్పలేం. అప్పు చేసి కొంటామని ఎవరైనా వస్తే ఈ చరిత్ర అంతా చెప్పి, ఏడెనిమిదేళ్లు ఆ డబ్బు అవసరం లేదనుకుంటేనే కొనమనండి. రాజధాని గ్రామాల్లో భూమి ఇచ్చినందుకు బదులుగా రైతులకు వచ్చిన రిటర్నబుల్ ప్లాట్లు వేరు. మెట్ట భూమి ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇచ్చారు. జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) అయితే వాణిజ్యం 450 గజాలు. వాటికి ప్లాటు నంబరు, సీఆర్‌డీఏ కాగితాలు ఉంటాయి, చూసుకుని చేయవచ్చు. ‘అమరావతికి పది నిమిషాలు’ అని బ్రోచర్ మీద వేసే వెంచర్లు వేరు. రెంటినీ కస్టమర్ దగ్గర ఒకే ఊపిరిలో మాట్లాడకండి.

మీ మాట గురించి. ‘మీదెక్కడ?’ అని తప్పకుండా అడుగుతారు. హనుమకొండ అని నవ్వుతూ చెప్పండి, యాస మార్చుకోకండి. అడిగేవాళ్లలో చాలామందికి హైదరాబాద్‌లో కొడుకో కూతురో ఉంటారు, ఆ మాట వాళ్లకు కొత్త కాదు. ఆ తర్వాత ‘ఇంటిపేరేంటి?’ అని అడుగుతారు. ఎందుకడుగుతున్నారో మీకూ తెలుసు. చెప్పాలో వద్దో మీ ఇష్టం. నా బాధ ఇంకో చోట ఉంది. ‘ఫలానా వాళ్లకైతే ఇల్లు ఇవ్వం’ అని ఓనర్లు మీ చేత వడపోత పట్టించాలని చూస్తారు. ఆ పని మీరు చేయకండి. ‘అద్దె టైముకు కట్టేవాళ్లను, ఇల్లు శుభ్రంగా ఉంచేవాళ్లను తీసుకురావడం నా పూచీ, మిగతావి నేను అడగలేనండీ’ అని మర్యాదగా చెప్పండి. కొన్ని ఇళ్లు పోతాయి. పోనివ్వండి. ఊరు కాని ఊరు వచ్చి, ఇల్లు దొరక్క మొహం చిన్నబుచ్చుకున్న కుటుంబానికి మీరు ఇల్లు ఇప్పిస్తే, వాళ్లు కొనుక్కునే రోజు వచ్చినప్పుడు మీ దగ్గరికే వస్తారు.

ఎన్నాళ్లు పడుతుందంటే, నా అంచనా ఇది. రెండు మూడు నెలల్లో అద్దెల మీద చిన్న చిన్న మొత్తాలు రావాలి. మంచి అమ్మకం ఒకటి చేతికందడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి. మీవారి జీతం ఉంది కదా అని నగలు తాకట్టు పెట్టి ఆఫీసు తెరవకండి. కారు, ఫోను, ఇంట్లో ఒక బల్ల, అంతే చాలు. తీసుకునే ప్రతి కమిషన్‌కు రసీదు ఇవ్వండి. స్థలం బేరంలో 20,000 గానీ ఆ పైన గానీ నగదు అడ్వాన్స్ మీ చేతుల మీదుగా మారనివ్వకండి. ఏడాదికి మీ వసూళ్లు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, ఆడిటర్‌ను ముందే చూసుకోండి.

చివరగా మీవారి ఉద్యోగం విషయం. మీ కస్టమర్ల హోమ్ లోన్లు ఆయన బ్రాంచిలో పెట్టించకండి. పని తొందరగా అవుతుందని అనిపిస్తుంది, అందరూ అదే అడుగుతారు. కానీ లోన్ ఇచ్చే టేబుల్ దగ్గర భర్త, కమిషన్ తీసుకునే చోట భార్య ఉంటే, ఒక్క లోన్ అటూ ఇటూ అయినా ఆయన ఉద్యోగం మీదికి వస్తుంది. భార్య చేసే వ్యాపారం గురించి వాళ్ల సర్వీసు రూల్స్ ఏమంటున్నాయో అడిగి తెలుసుకుని, తెలియజేయాల్సి ఉంటే గుంటూరులో చేరిన వారంలోనే రాతపూర్వకంగా ఇచ్చేయమనండి. మీ కస్టమర్లకు వేరే రెండు మూడు బ్యాంకుల్లో హోమ్ లోన్లు చూసే ఆఫీసర్లను మీరే పరిచయం చేసుకోండి.